లంక ఊళ్ళో ఒంటరిగా ఉండే అమ్మకి ఏ పరికరాలు కొనాలి?

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి 74 ఏళ్ళు, రాజోలు దగ్గర గోదావరి పాయల మధ్య ఉన్న లంక ఊళ్ళో సొంత పెంకుటింట్లో ఒక్కరే ఉంటారు, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, పోయిన నెల తెల్లవారుజామున పెరట్లో బాత్రూం దగ్గర కాలు జారి పడ్డారు, అదృష్టం బావుండి ఎముక విరగలేదు. మీరు డాలస్‌లో ఉంటారు. ఆవిడ ఇల్లు వదిలి రానంటున్నారు. అందుకని రెండు కెమెరాలు, ఒక స్మార్ట్ వాచీ, బీపీ మిషన్, షుగర్ మిషన్ అన్నీ ఒకేసారి ఆర్డర్ పెట్టేద్దామనుకుంటున్నారు, ఏ కంపెనీవి మంచివో చెప్పమన్నారు.

ఇప్పుడే ఆర్డర్ పెట్టకండి. నేను నర్సుగా మొదలుపెట్టి చాలా ఏళ్ళుగా అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు ఇళ్ళకి వెళ్ళి పెద్దవాళ్ళని చూసుకునే పనీ, ఇలాంటి పరికరాలు బిగించి వాడకం నేర్పే పనీ చేస్తున్నాను. పిల్లలు ప్రేమతో పంపిన వస్తువులు బీరువా మీద మూలపడి ఉండటం ఎన్ని ఇళ్ళలో చూశానో. వాటిలో చెడిపోయినవి తక్కువ. మోగితే పలికే మనిషి లేకపోవడం వల్ల వాడకం మానేసినవే ఎక్కువ.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది కంపెనీ పేరు కాదు, మీ అమ్మగారి ఇంటికి పది నిమిషాల్లో నడిచి రాగలిగేది ఎవరు అన్నది. మీకు మెసేజ్ వస్తుంది, సరే. ఇక్కడ పగలు పదకొండు నుంచి సాయంత్రం అయిదు దాకా డాలస్‌లో మీకు నిద్ర టైము. ఆవిడ మధ్యాహ్నం భోజనం చేసి లేచేటప్పుడు కళ్ళు తిరిగి పడితే మీ ఫోన్ దిండు పక్కన మోగి మోగి ఆగిపోతుంది, మీరు చూసినా అక్కడి నుంచి చేసేది మళ్ళీ ఊళ్ళో ఎవరికో ఫోనే కదా, ఆ ఎవరో అనే మనిషికే నేరుగా మోగేలా పెట్టడం మేలు. పక్కింటి పిన్నిగారో, వీధి చివర మీ బాబాయి వరస ఆయనో, రోజూ వచ్చే పనమ్మాయో, ముగ్గురి పేర్లు రాయండి, వాళ్ళని అడిగి ఒప్పించండి, ఊరికే నంబర్ ఎక్కించేయకండి. "మా అమ్మ దగ్గర్నుంచి ఫలానా నంబర్ మోగితే పని వదిలేసి వెళ్ళాలి పిన్నీ" అని మీ నోటితో మీరు చెప్పాలి. మన ఊళ్ళలో అడిగితే కాదనేవాళ్ళు లేరు. అడగకపోతే మాత్రం, వాళ్ళ గొడవల్లో మనమెందుకని మొహమాటపడి ఆగిపోతారు.

ఇది నా ఒక్కదాని మాట కాదు. గుండె బలహీనపడిన రోగుల మీద అమెరికాలో టెలీ-హెచ్‌ఎఫ్ అనే పరిశోధన చేశారు, 2010లో ఫలితాలు వచ్చాయి, మొత్తం 1,653 మంది. దూరం నుంచి కనిపెట్టి చూసే వర్గంలో వాళ్ళు రోజూ ఫోన్ చేసి తమ బరువు, లక్షణాలు రికార్డింగ్ గొంతుకి చెప్పాలి, ఆస్పత్రివాళ్ళు తరవాత చూసుకుంటారు. ఆరు నెలలకి లెక్క తీస్తే మళ్ళీ ఆస్పత్రిలో చేరడంలో గానీ మరణాల్లో గానీ తేడా ఏమీ కనపడలేదు, చివరి వారానికి వారంలో మూడుసార్లయినా ఫోన్ చేస్తున్నవాళ్ళు 55 శాతమే మిగిలారు. 2018లో జర్మనీ నుంచి టిమ్-హెచ్‌ఎఫ్2 అని ఇంకొకటి వచ్చింది, 1,500 మందికి పైగా ఉన్నారు. అందులో బరువు, బీపీ, ఈసీజీ రోజూ ఒక కేంద్రానికి వెళ్ళేవి, అక్కడ 24 గంటలూ డాక్టర్లు, నర్సులు కూర్చుని చూసి వెంటనే ఫోన్ చేసి మందులు మార్చేవారు. ఇక్కడ మరణాలు తగ్గాయి. రెండిటిలోనూ రోగుల బాధ ఒకటే, కానీ అవతల వెంటనే పలికే మనుషులు ఉన్నది రెండోదానిలోనే.

రెండో పని తలుపు. ఇది ఎవరూ ఆలోచించరు. పెద్దావిడ లోపల గడియ పెట్టుకుని పడిపోతే పక్కింటివాళ్ళు వచ్చినా ఏం చేస్తారు, పెంకులు తీసి దిగాలి. వీధి తలుపుకి బయట నుంచి తాళంచెవితో తెరుచుకునే లాక్ పెట్టించి ఒక తాళంచెవి పక్కింట్లో ఇవ్వండి. బాత్రూం తలుపుకి లోపలి గడియ తీయించి, బయట నుంచి నాణెంతో తిప్పితే తెరుచుకునే రకం వేయించండి. ఒక్కరే ఉండే ఇంట్లో ఆ గడియతో పనేముంది.

ఇక పడిపోవడం గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 65 దాటినవాళ్ళలో ఏటా 28 నుంచి 35 శాతం మంది ఒక్కసారైనా పడుతున్నారు. పడటం ఒక ఎత్తు, పడ్డాక లేవలేక గంటలు గంటలు నేల మీదే ఉండిపోవడం ఇంకో ఎత్తు. గంట దాటితే కండరాలు నలిగి కిడ్నీల మీద ప్రభావం పడుతుంది, ఒంట్లో నీరు తగ్గిపోతుంది, ఒత్తుకున్న చోట పుండ్లు పడతాయి. పరికరం ఆ గంటని పది నిమిషాలకి తగ్గించగలదు, అంతే, పడకుండా ఆపలేదు. ఆపేది పాకుడు గీకించడం, బాత్రూంలో గోడకి స్టీలు పట్టీ బిగించడం, గరుకు పలకలు వేయించడం, దారిలో రాత్రంతా వెలిగే ఒక బల్బు. వానాకాలం మన పెరళ్ళలో సిమెంటు గచ్చు మీద పాకుడు ఎలా పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ బడ్జెట్లో మొదటి డబ్బు ఇక్కడ పెట్టండి.

తరవాత పిలుపు బటన్. మెడలో వేసుకునే ఎస్ఓఎస్ లాకెట్లు ఉన్నాయి, సిమ్ వేసుకునేవి అయితే నొక్కగానే మూడు నాలుగు నంబర్లకి వరసగా ఫోన్ వెళ్తుంది. ఒక ఇంట్లో మామ్మగారు ఆ లాకెట్‌ని దేవుడి గూడు పక్కన క్యాలెండర్ మేకుకి తగిలించి ఉంచారు, పసుపు కూడా పెట్టారు. ఎందుకు తీశారు మామ్మగారూ అంటే, "స్నానానికి వెళ్తే తడిసి పాడైపోద్దని తీశానమ్మా, మా అబ్బాయి అంత డబ్బు పెట్టి కొన్నాడు" అన్నారు. అది తడిసినా పాడవని రకమే, ఆ ముక్క ఎవరూ ఆవిడకి చెప్పలేదు. పడే అవకాశం ఎక్కువున్న చోటికి వెళ్ళేటప్పుడే అది మెడలో లేదు. అందుకే నేను బాత్రూంలో విడిగా ఒక బటన్ పెట్టిస్తాను, అదీ నిలబడితే అందే ఎత్తులో కాదు, నేలకి మూరెడు ఎత్తులో, పడిన మనిషి చెయ్యి చాపితే అందేలా.

ఇంకో చవకైన పద్ధతి, మా వైపు ఇళ్ళలో బాగా పనికొచ్చింది: వైర్‌లెస్ కాలింగ్ బెల్. బటన్ అమ్మగారి బాత్రూంలో, మంచం పక్కన. మోగే డబ్బా పక్కింటి పిన్నిగారి హాల్లో. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. గోడలు, కొబ్బరిచెట్లు దాటి అందుతుందో లేదో బిగించే ముందు నొక్కి చూసుకోవాలి. డబ్బా కూడా బ్యాటరీతో నడిచేది తీసుకోండి, కరెంటు పోయినప్పుడు మోగకపోతే లాభం లేదు.

స్మార్ట్ వాచీ అడిగారు. ఆపిల్ వాచీలో 2018 నుంచీ పడటాన్ని గుర్తుపట్టే ఏర్పాటు ఉంది, గట్టిగా పడి ఒక నిమిషం దాకా కదలకపోతే తానే అత్యవసర నంబర్‌కి ఫోన్ చేస్తుంది. పనిచేసే వస్తువే. కానీ గోడ పట్టుకుని మెల్లగా జారి కూలబడటం లాంటివి తప్పిపోతాయి, పెద్దవాళ్ళు పడేది చాలాసార్లు అలాగే. పైగా ఛార్జింగ్ తరచూ పెడుతూ ఉండాలి, మీ అమ్మగారి చేతికి బంగారు గాజులుంటే వాచీ పెట్టుకునే చోటే ఉండదు. ఆవిడ ఇష్టపడి పెట్టుకుంటానంటే కొనండి, లేకపోతే ఆ డబ్బు మిగతావాటికి వాడండి.

కెమెరాల విషయంలో నాది గట్టి అభిప్రాయం. వీధి గుమ్మం వైపు చూసే ఒక్క కెమెరా చాలు, అదీ ఆవిడని అడిగి, ఫోన్లో ఏం కనపడుతుందో ఆవిడకే చూపించి. పడగ్గదిలో వద్దు, వంటింట్లో వద్దు. తన ఇంట్లో తను కొంగు సరిచేసుకుంటూ బతకాల్సి వస్తే ఏ మనిషికైనా ఊపిరి ఆడదు. కెమెరా మీద తువ్వాలు కప్పేసిన పెద్దాయన్ని చూశాను, కొడుకుతో మాటలు కూడా తగ్గించేశారు. దాని బదులు అలికిడిని పసిగట్టే సెన్సర్లు ఉంటాయి, బొమ్మ తీయవు, ఆ గదిలో మనిషి కదిలారా లేదా అన్నది మాత్రం చెబుతాయి. వంటింట్లో ఒకటి, పెరటి తలుపుకి తెరిచారా మూశారా చెప్పేది ఒకటి. పొద్దున ఏడు దాకా వంటింట్లో అలికిడి లేకపోతే మీకూ పిన్నిగారికీ మెసేజ్ వచ్చేలా పెట్టుకోవచ్చు. ఇక్కడ పొద్దున ఏడంటే మీకు ఇంకా నిద్రవేళ కాదు, కాబట్టి మీరే మొదటి ఫోన్ చేసుకోవచ్చు. ఫోన్లో "ఆయ్, బానే ఉన్నానండీ" అనడం మన పెద్దవాళ్ళకి అలవాటు, ఒంట్లో ఎలా ఉన్నా అదే మాట. రాత్రి నాలుగుసార్లు పెరటి తలుపు తెరుచుకుందని తెలిస్తే అప్పుడు మీరు మూత్రం ఇన్ఫెక్షన్ గురించో షుగర్ గురించో నేరుగా అడగగలుగుతారు.

బీపీ మిషన్ కొనండి, ఇది తప్పకుండా. చేతి పైభాగానికి చుట్టేదే, మణికట్టు రకం వద్దు. చేతి చుట్టుకొలత టేపుతో కొలిచి పట్టీ సైజు చూసుకోండి, లావు చేతికి చిన్న పట్టీ వేస్తే లేని బీపీ చూపిస్తుంది. మంచిది రెండు మూడు వేలలో వస్తుంది. మిషన్ కన్నా కొలిచే తీరు ముఖ్యం. జాకెట్టు చెయ్యి మీదే పట్టీ చుట్టేస్తారు, అలా కాదు, ఉత్తి చేతికి చుట్టాలి. మూత్రానికి వెళ్ళొచ్చి, కాఫీ తాగి అరగంట దాటాక, వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనేలా కుర్చీలో అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు. పొద్దున మందులు వేసుకోక ముందు, రాత్రి పడుకోబోయే ముందు. ఇలా ఏడు రోజులు రాసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు డాక్టర్‌కి పంపండి. ఇంట్లో సగటు 135/85 దాటితే ఆస్పత్రిలో 140/90తో సమానం. ఆవిడ వయసుకి ఎంత ఉండాలన్నది డాక్టర్ చెబుతారు. ఒక్కసారి 160 వచ్చిందని మీరు అక్కడ టెన్షన్ పడి పదిసార్లు కొలిపించకండి, కొలిచేకొద్దీ పెరుగుతుంది. నాడి ఎగుడుదిగుడుగా కొట్టుకునేవాళ్ళకి ఈ మిషన్లు సరిగ్గా చూపించవు, అది ఉందేమో ఒక్క ఈసీజీ తీయించి తెలుసుకోండి.

అసలు ఆవిడ తెల్లవారుజామున ఎందుకు పడ్డారో ఎవరైనా అడిగారా? జారింది అంటారు అందరూ. మంచం మీద నుంచి లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్ళు తిరిగి ఉండొచ్చు. కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబడ్డ ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి ఇంకోసారి కొలిస్తే తెలుస్తుంది. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే వెంటనే డాక్టర్‌కి చెప్పండి, మందు మోతాదో వేళో మార్చాల్సి ఉంటుంది. ఈ కొలత తీసేటప్పుడు పక్కన మనిషి ఉండాలి. మీ ఊరి ఏఎన్ఎం గారినో, విలేజ్ క్లినిక్‌లో ఉండేవాళ్ళనో అడిగితే తీసిపెడతారు.

లేదా షుగర్ పడిపోయి ఉండొచ్చు. వయసు మీద పడ్డవాళ్ళకి షుగర్ పెరగడం కన్నా పడిపోవడం ఆ పూటకి ప్రమాదం. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నారనుకోండి, సాయంత్రానికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంది, చూసేవాళ్ళు నీరసం అనుకుంటారు. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ కొలవాలి. కోనసీమలో వెంటనే కొబ్బరిబొండం కొట్టిస్తారు. దానిలో వంద మిల్లీలీటర్లకి మూడు గ్రాముల అటూ ఇటూగానే చక్కెర ఉంటుంది, ఆ సమయానికి అది చాలదు, పంచదారే వేయండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. షుగర్ మిషన్ మామూలుది చాలు. స్ట్రిప్స్ డబ్బా మూత వెంటనే పెట్టాలి, మన గాలిలో తేమకి స్ట్రిప్స్ తొందరగా పాడవుతాయి, గడువు తేదీ చూడాలి. వేలు సబ్బుతో కడిగి తుడిచాకే గుచ్చాలి, పూతరేకు ముట్టుకున్న వేలికి గుచ్చితే 300 చూపించినా చూపిస్తుంది. చేతికి అంటించుకుని 14 రోజులు కొలిచే సెన్సర్ ఇన్సులిన్ వాడేవాళ్ళకి, తరచూ షుగర్ పడిపోయేవాళ్ళకి చాలా మంచిది, మాత్రలతో నిలకడగా ఉన్నవాళ్ళకి ఆ ఖర్చు అక్కర్లేదు.

ఆక్సిజన్ చూసే క్లిప్పు ఉంటే మంచిదే, రోజూ చూడనక్కర్లేదు. వాచీలో వచ్చే ఈసీజీ గుండెపోటుని పట్టుకోలేదు, ఛాతీలో నొప్పి వస్తే వాచీ బాగుందన్నా సరే ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. మాత్రలకి ఏడు రోజుల గళ్ళ డబ్బా తీసుకుని ఆదివారం పూట నింపించండి, వీడియో కాల్‌లో మీరు చూస్తుండగా. ఏ పూట గడి నిండుగా మిగిలిందో ఆవిడే చూపిస్తారు.

డాక్టర్‌ని చూడటానికి ప్రతిసారీ అమలాపురమో భీమవరమో వెళ్ళక్కర్లేదు. 2020 నుంచీ మన దేశంలో ఫోన్, వీడియో వైద్యానికి నియమాలున్నాయి, ప్రభుత్వ ఈ-సంజీవని ఉచితం, విలేజ్ క్లినిక్ నుంచి కూడా డాక్టర్‌తో మాట్లాడిస్తారు. అయినా ఆవిడని ఒకసారి చేత్తో పట్టి చూసిన డాక్టరే తరవాత ఫోన్లో చూడటం మంచిది. ఏడు రోజుల బీపీ, షుగర్, వాడుతున్న మందులు ఒకే కాగితం మీద రాసి ఫోటో పంపితే ఆయన రెండు నిమిషాల్లో చెప్పగలరు, వాట్సాప్‌లో ముప్పై విడి ఫోటోలు పంపితే ఎవరూ చూడలేరు. ఇంకోటి, 70 దాటినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా ఆస్పత్రి చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబర్‌లో మొదలైంది, ఆధార్‌తో చేయించి పెట్టండి.

కరెంటు, నెట్ సంగతి. రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఒకటి పెట్టండి, మూడు నాలుగు గంటలు ఆగుతుంది. పెరట్లో బాత్రూం దాకా వైఫై అందదు చాలా ఇళ్ళలో, అందుకే పిలుపు బటన్ వైఫై మీద ఆధారపడేది వద్దంటాను. తుఫాను వస్తే టవర్లూ పోతాయి, అప్పటికి పక్కింటి బెల్లే దిక్కు. మీది లంక కాబట్టి వరద లెక్క వేరే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మందులు అయిపోయి ఇబ్బంది పడ్డ ఇళ్ళు చూశాను. మొదటి హెచ్చరిక టీవీలో రాగానే పదిహేను రోజుల మందులు, స్ట్రిప్స్, మిషన్ బ్యాటరీలు, ఛార్జ్ చేసిన పవర్ బ్యాంక్, మందుల చీటీ ఒక నీళ్ళు చొరని సంచిలో పెట్టించండి. రెండో హెచ్చరిక వస్తే వాదన పెట్టుకోకుండా బంధువుల ఇంటికి గట్టు మీదకి చేర్చండి. ఇన్సులిన్ ఉంటే ఫ్రిజ్ ఆగినా కంగారు పడక్కర్లేదు, వాడుతున్న సీసా చల్లని చోట నీడలో నాలుగు వారాల దాకా ఆగుతుంది, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టండి, ఐసులో మాత్రం పెట్టకండి, గడ్డకడితే పనికిరాదు.

ఆవిడ ఫోన్లో యాప్‌లు తక్కువ ఉంచండి. పవర్ బటన్ అయిదుసార్లు నొక్కితే అత్యవసర ఫోన్ వెళ్ళే ఏర్పాటు ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో ఉంది, దాన్ని ఆన్ చేసి చూపించండి. పోలీసులమనో, బ్యాంకువాళ్ళమనో వీడియో కాల్ చేసి భయపెట్టేవాళ్ళకి ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళే దొరుకుతున్నారు. ఎవరు ఏం చెప్పినా ఫోన్ పెట్టేసి మీకు చెయ్యమనండి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. కెమెరా పెడితే దాని పాస్‌వర్డ్ మార్చడం మర్చిపోవద్దు.

మొత్తం బిగించాక, అమ్మగారికి ముందే చెప్పి, పిన్నిగారికి చెప్పకుండా ఒక మామూలు రోజు మధ్యాహ్నం రెండింటికి బాత్రూం బటన్ నొక్కించండి. ఎవరు వచ్చారు, ఎంతసేపటికి వచ్చారు, తలుపు తెరవగలిగారా అన్నది రాసుకోండి. ఆ తరవాత నెలకోసారి. పది నిమిషాలు దాటితే జాబితాలో మొదటి పేరు మార్చండి.